పడవ మరమ్మతు పనుల జాబితాను ఎలా రాసుకుంటే నిజంగా పనికొస్తుంది?

తొలియాత్ర:

మిత్రులందరికీ నమస్కారం. రెండేళ్ల క్రితం 32 అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నాను. లోపల డీజిల్ ఇంజిన్ ఉంది. కొన్న రోజు నుంచీ చేయవలసిన పనులు రాసుకుంటూనే ఉన్నాను. కొన్ని నోటు పుస్తకంలో, కొన్ని ఫోనులో, మరికొన్ని చార్టు బల్ల పక్కన అంటించిన చీటీల మీద ఉన్నాయి. నిన్న రాత్రి కూర్చుని అన్నిటినీ ఒకచోట చేర్చితే 84 పనులు తేలాయి. "ఇంజిన్ ఆయిల్ మార్చాలి" అన్నదీ, "విద్యుత్ తీగలన్నీ కొత్తవి వేయాలి" అన్నదీ అందులో పక్కపక్కనే, ఒకే బరువుతో ఉన్నాయి.

పని ఎక్కువగా ఉన్నందుకు నాకు బాధ లేదు. చేసిన శ్రమ నిలవడం లేదన్నదే బాధ. పోయిన నెలలో ఇంధన ఫిల్టర్ మార్చడానికి ఒక రోజంతా పెట్టుకుని వెళ్లాను. అన్నీ విప్పాక చూస్తే ఫిల్టర్ ఉంది గానీ దానితో పాటు వేయవలసిన రబ్బరు రింగు లేదు. పాతదాన్నే వేసి బిగించి, ఇంటికి వచ్చి వెతికితే అదే ఫిల్టర్ మరొకటి, రింగుతో సహా, బీరువాలో కనిపించింది. ఏడాది కిందట నేనే కొన్నాను, ఎక్కడా రాసుకోలేదు. ఇలాంటి రోజులు ఈ ఏడాదిలో మూడు పోయాయి.

మీరు జాబితాను దేనిలో రాస్తారు, ఏ క్రమంలో పెడతారు, ఏది ముందు చేయాలో ఎలా తేల్చుకుంటారు? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

లంగరు:

తొలియాత్ర గారూ, దేనిలో రాయాలన్న సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ 84 పనులలో ప్రతిదాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది చేయకపోతే పడవలోకి నీరు వస్తుందా? నిప్పు పుడుతుందా? పడవ కదలకుండా గానీ మలుపు తిరగకుండా గానీ ఆగిపోతుందా? మనిషి నీళ్లలో పడే ప్రమాదం ఉందా? ఏ ఒక్కదానికి "అవును" అని జవాబు వచ్చినా ఆ పని మొదటి పేజీలోకి వెళ్లాలి, అది పూర్తయ్యేదాకా పడవ రేవు దాటకూడదు. మొదటి పేజీలో పదికి మించి పనులు ఉండవు, ఉంటే అది వేరే చర్చ.

మిగిలినవాటిని పడవ నీటిలో ఉండగా చేయగలిగినవి, ఒడ్డుకెక్కించాక మాత్రమే చేయగలిగినవి అని విడదీయండి. పడవను ఒడ్డుకు ఎక్కించేది ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి. ఆ నాలుగు రోజుల్లో చేయవలసినది ఒక్కటి మరిచిపోయినా మళ్లీ ఏడాది ఆగాలి. అడుగున నాచు పట్టకుండా యాంటీఫౌలింగ్ రంగు వేసి, పడవను నీళ్లలోకి దించిన మరునాడు, వేగం కొలిచే లాగ్ సెన్సర్ సీలు గుర్తుకు వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటినుంచి ఒడ్డు పనుల కాగితం విడిగా పెట్టుకుంటున్నాను. ఒడ్డు మీద చేయవలసినదేదైనా గుర్తుకు వస్తే ఏ నెలలోనైనా అప్పటికప్పుడు అందులో చేరుతుంది.

ఇంజిన్‌గది:

లంగరు గారు చెప్పిన విభజనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే చేయవలసిన పనుల కంటే చేసేసిన పనులను రాయడంలోనే మనం ఎక్కువ పొరపాటు చేస్తామని నా నమ్మకం. పని పూర్తికాగానే ఆ వాక్యాన్ని కొట్టేసి పక్కన టిక్కు పెట్టి సంతోషిస్తాం. ఆ టిక్కు వల్ల నాకు జరిగిన నష్టం చెబుతాను.

మూడేళ్ల క్రితం ఇంజిన్‌ను చల్లబరిచే సముద్రపు నీటి పంపులోని ఇంపెల్లర్‌ను, అంటే నీటిని నెట్టే రబ్బరు రెక్కల చక్రాన్ని, మార్చాను. మూత విప్పి చూస్తే పాత ఇంపెల్లర్‌కు ఆరు రెక్కలకు గాను నాలుగే ఉన్నాయి. కొత్తది వేసి, మూత బిగించి, "ఇంపెల్లర్ మార్చాను" అని రాసి, తేదీ వేశాను. ఇంజిన్ బాగా నడిచింది, ఎగ్జాస్ట్ నుంచి నీరు చక్కగా వచ్చింది. ఆరు వారాల తరువాత, ఎదురుగాలిలో ఇంజిన్‌ను ఎక్కువ వేగంతో నడపవలసి వచ్చినప్పుడు వేడి హెచ్చరిక మోగింది. ఇంపెల్లర్ కొత్తది కనుక దాన్ని అనుమానించలేదు. బెల్టు చూశాను, థర్మోస్టాట్ మార్చాను, నీరు లోపలికి వచ్చే వాల్వును శుభ్రం చేశాను. చివరికి సముద్రపు నీటితో ఇంజిన్ వేడిని తీసివేసే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూత విప్పితే సన్నని గొట్టాల ముందు రెండు రబ్బరు ముక్కలు అడ్డుపడి కనిపించాయి. పంపులోనుంచి ఊడిపోయిన రెక్కలు నీటితో పాటు ముందుకు కొట్టుకుపోయి అక్కడ చేరాయి. తక్కువ వేగంలో వచ్చిన నీరు సరిపోయింది, ఎక్కువ వేగంలో సరిపోలేదు.

ఆ రోజు "రెండు రెక్కలు లేవు, ముక్కలు దొరకలేదు" అని ఇంకొక్క వాక్యం రాసి ఉంటే, ఆ ముక్కలను వెతకడం జాబితాలో మరుసటి పనిగా దానంతట అదే చేరేది. కనుక నేనిప్పుడు చేసిన పనిని ఒక్క మాటలో రాయను. ఏం చూశాను, ఏం చేశాను, ఏం మిగిలింది అన్న మూడూ రాస్తాను. ఇంజిన్ గంటల మీటరు ఎంత చూపిస్తోందో కూడా పక్కన వేస్తాను.

గంటల సంగతి వచ్చింది కనుక మరొక మాట. నిర్వహణ పనులన్నీ తేదీని బట్టి రావు. ఇంజిన్ ఆయిల్‌కు గంటలు, తేదీ రెండూ లెక్కే. చాలా చిన్న డీజిల్ ఇంజిన్ల పుస్తకాలలో 100 నుంచి 200 గంటలకో, ఏడాదికో, ఏది ముందైతే దానికి ఆయిల్ మార్చమని ఉంటుంది. ప్రమాద సంకేతపు మంటలకూ లైఫ్‌రాఫ్ట్ (ప్రాణరక్షక తెప్ప) తనిఖీకీ తేదీయే ముఖ్యం. మిగతా లోహం తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే జింక్ యానోడ్‌కు గంటలతో గానీ తేదీతో గానీ పని లేదు, సగం కరిగిందంటే మార్చాలి. జాబితాలో ప్రతి పని పక్కన ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందో రాసి ఉండాలి. లేకపోతే అన్నిటినీ "వచ్చే ఏడాది" అనే ఒకే గంపలో వేసేస్తాం.

పాతపడవ:

నా పడవ వయసు నలభై దాటింది, నా పద్ధతీ పాతదే. నోటు పుస్తకం, పెన్సిల్. ఇంజిన్ గదిలో తలకిందులుగా వంగి, చేతినిండా గ్రీజు పూసుకుని ఉన్నప్పుడు ఫోను తెర మీద ఎవరూ రాయలేరు. తరువాత రాద్దామనుకున్నది రాయడం జరగదు. పుస్తకాన్ని ఇంజిన్ మూత పక్కనే దారంతో కట్టి ఉంచాను. ఇంజిన్, ఇంధనం, విద్యుత్తు, నీటి గొట్టాలు, చుక్కాని, తెరచాపలు, లంగరు గొలుసు, ఇలా ఒక్కొక్క భాగానికి కొన్ని పేజీలు కేటాయించాను. ఇంజిన్ పేజీలు తిప్పితే ఇరవై ఏళ్ల చరిత్ర ఒకేచోట కనిపిస్తుంది. పెన్సిల్ రాత తడిసినా చెదరదు, పెన్ను సిరా చెదురుతుంది.

ఇంజిన్‌గది గారు "ఏం మిగిలింది" అన్నదాన్ని మూడో మాటగా చెప్పారు. నా దృష్టిలో అది మొదటి మాట కావాలి. మొదలుపెట్టని పని కంటే సగం చేసి వదిలిన పని ఎక్కువ ప్రమాదకరం. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద జరిగిన ప్రమాదం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మరమ్మతు కోసం ఒక పంపుకు సంబంధించిన సేఫ్టీ వాల్వును తీసి, ఆ చోట తాత్కాలికంగా మూత పెట్టారు. ఆ సంగతి రాత్రి విధులలోకి వచ్చినవారికి చేరలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వారు మొదటి పంపును నడిపించారు. ఆ మూత దగ్గర గ్యాస్ లీకై పేలింది. ఆ రాత్రి 167 మంది చనిపోయారు. అది మహా పరిశ్రమ, మనవి చిన్న పడవలు. అయినా విప్పి ఉన్న వస్తువు గురించి తరువాత వచ్చిన మనిషికి తెలియకపోవడం అన్న కారణం మాత్రం మన దగ్గరా అదే. ఆ తరువాత వచ్చే మనిషి చాలాసార్లు మూడు వారాల తరువాత వచ్చిన మనమే.

అందుకని నేను పని మధ్యలో ఆపితే పుస్తకంలో రాయడంతో సరిపెట్టను. ఒక ఎర్ర గుడ్డ ముక్కను తాళంచెవికి కట్టేస్తాను. తాళం చేతిలోకి తీసుకోగానే పుస్తకం తెరవాలని గుర్తుకు రావాలి.

చుక్కాని:

పాతపడవ గారి ఎర్ర గుడ్డ పద్ధతిని ఈరోజు నుంచే అనుసరిస్తాను. పుస్తకం విషయంలో మాత్రం కొంచెం విభేదిస్తున్నాను. పుస్తకం చరిత్రను బాగా దాచుకుంటుంది, కానీ అడిగిన ప్రశ్నకు త్వరగా జవాబివ్వదు. "వచ్చే శనివారం నాకు మూడు గంటల తీరిక ఉంది, పడవ నీటిలో ఉంది, సామాను చేతిలో ఉన్న పనులేవి?" అని పుస్తకాన్ని అడిగితే అన్ని పేజీలూ తిప్పాలి. స్ప్రెడ్‌షీట్‌ను అడిగితే ఒక్క నిమిషంలో చూపిస్తుంది. అందువల్ల నేను పడవలో పెన్సిల్‌తోనే రాసుకుని, పుస్తకం పేజీని ఫోటో తీసి, ఇంటికి వచ్చాక అదే సాయంత్రం షీట్‌లోకి ఎక్కిస్తాను.

షీట్‌లో మొదట ఇరవై నిలువు వరుసలు పెట్టాను. వాటిలో సగం ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి. ఇప్పుడు ఉన్నవి పడవ భాగం, పని, నీటిలోనా ఒడ్డు మీదా, గంటలా తేదీయా స్థితా, కావలసిన సామాను, ఆ సామాను ఎక్కడ ఉంది, ఏది అడ్డుపడుతోంది అన్నవి మాత్రమే. తొలియాత్ర గారి ఫిల్టర్ సమస్య "ఎక్కడ ఉంది" అన్న ఒక్క వరుసతో తీరిపోతుంది. నా పడవలోని పెట్టెలకు అంకెలు వేశాను. "ఫిల్టర్, రింగుతో, 4వ పెట్టె" అని ఉంటే చాలు. చివరి వరుస అన్నిటికంటే విలువైనది. ఒక పని నెలల తరబడి కదలకపోతే బద్ధకమే కారణమని మనల్ని మనం నిందించుకుంటాం. నిజానికి ఒక బోల్టు కొలత తెలియకపోవడమో, ఇంకొకరి సాయం కావలసి ఉండటమో అసలు అడ్డంకి అయి ఉంటుంది.

పెద్ద ఓడల నిర్వహణకు ఐఎస్‌ఎం కోడ్ అనే అంతర్జాతీయ భద్రతా నిర్వహణ నియమావళి ఉంది. ప్రయాణికుల ఓడలకూ ట్యాంకర్లకూ అది 1998 జులై 1 నుంచి తప్పనిసరి అయింది. అందులోని పదో అధ్యాయం నిర్వహణ గురించే. తగిన వ్యవధులలో తనిఖీ చేయాలి, లోపం కనిపిస్తే నివేదించాలి, తెలిస్తే దాని కారణాన్నీ చెప్పాలి, సరిదిద్దాలి, ఇదంతా నమోదు చేసి ఉంచాలి అంటుంది. ఆ "తెలిస్తే కారణం" అన్న మాటను నేను మన స్థాయికి అరువు తెచ్చుకున్నాను. బెల్టు ఏడాదిలో రెండోసారి తెగిందని రాసినప్పుడు పక్కన "ఎందుకు?" అన్న గడి ఖాళీగా కనిపిస్తుంటే, కప్పీ వరుస తప్పిందేమో చూడాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

తొలియాత్ర:

అందరికీ కృతజ్ఞతలు. లంగరు గారి నాలుగు ప్రశ్నలతో మొదటి పేజీకి 11 పనులు వచ్చాయి. అవి చూస్తే భయం తగ్గింది. ఒక సందేహం మాత్రం మిగిలింది. "విద్యుత్ తీగలన్నీ కొత్తవి వేయాలి" అన్నది రెండేళ్లుగా జాబితాలో ఉంది. దాన్ని చూసిన ప్రతిసారీ పక్కన ఉన్న చిన్న పనులు చేసి వచ్చేస్తున్నాను. ఇలాంటివాటిని ఎలా రాయాలి?

జంటతెడ్లు:

మా పడవను మేమిద్దరం చూసుకుంటాం. అందువల్ల ఒకరు రాసినది మరొకరు చదివి చేయగలిగేలా ఉండాలన్నది మాకు మొదటి నియమం. తొలియాత్ర గారూ, "తీగలన్నీ కొత్తవి వేయాలి" అన్నది కోరిక మాత్రమే. ఈ వాక్యం పట్టుకుని శనివారం ఉదయం పడవ ఎక్కిన మనిషి మొదట చేయి ఎక్కడ పెట్టాలి? ఆ ప్రశ్నకు వాక్యంలోనే జవాబు ఉంటే అది పని.

మేము ఇదే పనిని పోయిన ఏడాది చేశాం. జాబితాలో మొదటి పంక్తి "ఫ్యూజుల పెట్టె తెరిచి ఫోటో తీయాలి" అని ఉండేది. అది పది నిమిషాల పని. రెండోది "ఒక్కొక్క ఫ్యూజు తీసి, ఏ దీపం ఆరిందో, ఏ పంపు ఆగిందో చూసి, తీగకు చీటీ కట్టాలి". దానికి ఒక మధ్యాహ్నం పట్టింది, అందులోనే దేనికీ పనికిరాని తీగలు ఏడు బయటపడ్డాయి. వాటికి చివర్లు కూడా కప్పి లేవు. మూడోది "బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు) తీగ పొడవు కొలవాలి". కొలత వచ్చాక గానీ తీగ మందం తేలదు, ఎందుకంటే 12 వోల్టుల వ్యవస్థలో పొడవు పెరిగేకొద్దీ మందం పెంచకపోతే చివరకు చేరే వోల్టేజి పడిపోతుంది, పంపు నెమ్మదిస్తుంది. మందం తేలాక కొనుగోలు చీటీ తయారైంది. అలా ఒక్కొక్క తీగ చొప్పున మార్చుకుంటూ వెళ్లాం. నడుమ ఎప్పుడు ఆపినా పడవ నడిచే స్థితిలోనే ఉంది. పెద్ద పనిని విడగొట్టేటప్పుడు ప్రతి ముక్క చివరా పడవ బయలుదేరడానికి సిద్ధంగా ఉండేలా కోయాలన్నది మేము నేర్చుకున్న ముఖ్యమైన సంగతి.

ఇంకొకటి. మా జాబితాలో పని పక్కన పేరు తప్పనిసరి. "ఎవరో ఒకరు" అని వదిలిన గ్యాస్ గొట్టం తనిఖీ నాలుగు నెలలు ఆగింది. ఆమె చేసి ఉంటుందని నేను, నేను చేసి ఉంటానని ఆమె అనుకున్నాం.

లంగరు:

జంటతెడ్లు గారి చివరి పేరా ప్రతి ఉమ్మడి యజమానీ చదవాలి.

నేను మరొక పేజీ గురించి చెప్పాలి. "వద్దనుకున్నవి" అని దానికి పేరు. ఆలోచించి చేయకూడదని నిర్ణయించుకున్న పనులు, కారణంతో సహా, అక్కడికి వెళతాయి. డెక్ మీది టేకు చెక్కకు వార్నిష్ వేయడం మూడేళ్లు నా జాబితాలో ఉండేది. చెక్కను పాలిష్ లేకుండా బూడిద రంగుకు తిరగనిచ్చినా దాని బలం తగ్గదని తెలుసుకున్నాక, కారణం రాసి, ఆ పేజీకి మార్చాను. కొట్టేసి ఊరుకుంటే ఆరు నెలలకు మళ్లీ అదే పని కొత్తగా తోచి జాబితాలో చేరుతుంది. జాబితా మన తీరికకు మించి పెరిగితే దాన్ని తెరవడమే మానేస్తాం. ఇది నేను చూసిన పడవలన్నిటిలోనూ జరిగింది.

ఇంజిన్‌గది:

ఒక చిన్న చేర్పు. కొన్ని విషయాలు పనులుగా కాక కొలతలుగా రాస్తే ఎక్కువ చెబుతాయి. "బ్యాటరీ చూశాను, బాగుంది" అన్న మాటకు విలువ లేదు. చార్జింగ్ ఆపి కొన్ని గంటలు వాడకుండా ఉంచిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.7 వోల్టులు, సగానికి దిగితే సుమారు 12.2 చూపిస్తుంది. నెలకొకసారి ఆ అంకె రాసుకుంటే, ఎప్పుడు బలహీనపడటం మొదలైందో వరుసలోనే తెలుస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ పడవ బయటకు వెళ్లే చోట, నీరు లోపలికి రాకుండా ఆపే పాత పద్ధతి స్టఫింగ్ బాక్స్ ఉన్నవారు, షాఫ్ట్ తిరుగుతుండగా నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెట్టి రాయండి. కొన్ని చుక్కలు పడటం అవసరమే, అవే దాన్ని చల్లగా ఉంచుతాయి. నాలుగు చుక్కలు పన్నెండు అయ్యాయంటే చూడవలసిన సమయం వచ్చిందని అర్థం.

యానోడ్ గురించి కూడా ఇదే మాట. ఏడాది తరువాత చూస్తే ఏమీ కరగలేదని సంతోషించి "బాగుంది" అని రాసేవారున్నారు. తాను కరిగి మిగతా లోహాన్ని కాపాడటమే దాని పని. ఏమీ కరగలేదంటే దానికీ షాఫ్ట్‌కూ మధ్య విద్యుత్ సంబంధం తెగి ఉండవచ్చు, లేదా ఎవరో దానిమీద కూడా రంగు వేసి ఉండవచ్చు. "ఎంత మిగిలింది" అని రాయండి, చాలా సంగతులు బయటపడతాయి.

తొలియాత్ర:

రెండు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. టార్చి, పెన్సిల్, పుస్తకం తీసుకుని పడవలో ముందు నుంచి వెనక దాకా పాకాను. ఏదీ మరమ్మతు చేయకుండా చూసినది మాత్రమే రాయాలని నియమం పెట్టుకున్నాను. అది కష్టంగా ఉంది, ఎందుకంటే వదులైన స్క్రూ కనిపించగానే చేయి దానంతట అదే వెళుతుంది. కానీ మొత్తం మూడు గంటల్లో చూడగలిగాను. పాత 84 పనులలో 19 ఎప్పుడో పూర్తయినవో, రెండుసార్లు రాసినవో అని తేలింది. 14 "వద్దనుకున్నవి" పేజీకి వెళ్లాయి. కొత్తగా తొమ్మిది చేరాయి.

ఆ తొమ్మిదిలో ఒకటి నన్ను కలవరపెడుతోంది. వంటగది సింకు నీరు బయటకు వెళ్లే సీకాక్ (పడవ గోడలోని రంధ్రాన్ని మూసే వాల్వు) పిడి తిరగడం లేదు. దాని గొట్టానికి వేసిన క్లాంప్ పైనుంచి మెరుస్తూనే ఉంది. అద్దం పెట్టి అడుగున చూస్తే స్క్రూ ఉన్న చోట తుప్పు పట్టి, పట్టీ సగం తెగి ఉంది. క్లాంప్ మార్చేశాను, ఇప్పుడు రెండు వేశాను. వాల్వు మాత్రం తెరిచే ఉండిపోయింది. దీన్ని ఎక్కడ రాయాలి? నీటి పనా, ఒడ్డు పనా?

పాతపడవ:

తొలియాత్ర గారూ, దాన్ని బలవంతంగా తిప్పకండి. నీటిలో ఉండగా పిడి గానీ వాల్వు మెడ గానీ విరిగితే అక్కడి రంధ్రం నుంచి సముద్రం లోపలికి వస్తుంది. ఇది రెండు చోట్లా రాయవలసిన పని. మొదటి పేజీలో ఈరోజు తేదీతో "సింకు సీకాక్ మూతపడదు. సరిపోయే చెక్క బిరడా దారంతో పక్కనే కట్టాను. బయలుదేరే ముందు క్లాంపులు చూడాలి" అని రాయండి, రాసేముందు బిరడా నిజంగా కట్టండి. ఒడ్డు పనుల కాగితంలో "సింకు సీకాక్ విప్పి చూడాలి, అవసరమైతే మార్చాలి" అని మొదటి పంక్తిగా పెట్టండి. ఒడ్డుకెక్కించే రోజు దగ్గరలోనే ఉంటే ముందుకు జరపండి.

విప్పినప్పుడు లోహాన్ని కొద్దిగా గీకి రంగు చూడండి. బంగారు వన్నెలో ఉండవలసిన ఇత్తడి గులాబీ రంగులో కనిపిస్తే అందులోని జింక్ కరిగిపోయిందని అర్థం. అది పైకి గట్టిగానే ఉన్నా చిన్న దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. అలా కనిపిస్తే దానితో పాటు ఒకే ఏడాదిలో బిగించిన మిగతా సీకాక్‌లు కూడా జాబితాలోకి రావాలి. అవి ఏ ఏడాదిలో బిగించారో పాత యజమాని ఎక్కడైనా రాసి ఉంచారేమో కనుక్కోండి.

తొలియాత్ర:

బిరడా ఈ సాయంత్రమే కట్టి వచ్చాను. పాత యజమాని గారిని ఫోనులో అడిగాను. ఆయన దగ్గర ఒక పుస్తకం ఉందట, నాకు ఇవ్వడం మరిచిపోయారట. శనివారం వెళ్లి తెచ్చుకుంటాను.